వలసిన వెలుగు, వలదన్న వెలుగు

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీనాటి సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకై ఫ్రాన్సు దేశమునుండి గుంటూరునకు వచ్చిన జూల్స్ జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు, చంద్రబింబపు అంచున ఎగసిన ఎర్రని సౌరజ్వాలలవైపు తన వర్ణపటదర్శినిని త్రిప్పి చూచి, అందు అఖండముగా సాగవలసిన రంగుల పట్టెకు బదులు విడివిడిగా నిలిచిన కొన్ని ప్రకాశరేఖలను మాత్రమే కనుగొనెను. ఆ రేఖలు ఎంత ఉజ్జ్వలములై ఉండెననగా, గ్రహణము లేనప్పుడు సైతము వీనిని చూడవచ్చునను నమ్మకము ఆతనికి అప్పుడే కుదిరినది. మరునాటి ఉదయము, గ్రహణము గడచి సూర్యుడు ఎప్పటివలె వెలుగుచుండగా, ఆతడు గుంటూరులోనే యంత్రమును సూర్యుని అంచుపై నిలిపి, పట్టపగటి వెలుగులో ఆ జ్వాలల రేఖలను మరల దర్శించెను. అదే సంవత్సరము అక్టోబరులో ఇంగ్లండునందు నార్మన్ లాకియర్ స్వతంత్రముగా ఇదే పని సాధించెను.

ఈ వృత్తాంతమును హీలియము చరిత్రలో భాగముగా మనము తరచుగా చదువుదుము గాని, నగరాకాశము క్రింద నీహారికలను ఛాయాచిత్రములలో బంధింపగోరు వారికి కావలసిన మూలసూత్రము యావత్తును ఇందే కలదను సంగతిని అంతగా గమనింపము. సౌరజ్వాలలను పగటివేళ మనకు కనబడనీయనిది వాని మాంద్యము కాదు. వాయుమండలమున చెదరిన సూర్యకాంతి వానిపై పరచిన తెర. ఆ తెరలోని కాంతి అన్ని రంగులకును చెందినది గనుక, వర్ణపటదర్శినిలోని పట్టకము దానిని ఎంత వెడల్పుగా పరచిన అది అంత పలుచనగును. జ్వాలలోని హైడ్రోజను కాంతియో, అందలి ఒక్కొక్క రేఖయు ఒకే తరంగదైర్ఘ్యము గలది గనుక, ఎంత పరచినను రేఖగనే నిలిచియుండును. తెర పలుచనై రేఖ నిలిచినప్పుడు రేఖయే జయించును. నేడు మేడపై దూరదర్శినికి కెమెరాను బిగించి, నడుమ ఒక ఫిల్టరును అమర్చి, వీధిదీపముల వెలుగుల నడుమ నీహారికను పట్టుకొను యువకుడు చేయుచున్నది గుంటూరులో జాన్సెన్ చేసిన పనియే. అయితే ఈ ఉపాయము ఎచ్చట పనిచేయునో, ఎచ్చట పనిచేయదో ఎరుగకుండ ఫిల్టరును కొనువారు పెక్కురు గలరు. ఫిల్టరు ఎంపిక ఫిల్టరుతో ఆరంభము కారాదు. చిత్రింపదలచిన వస్తువుయొక్క వెలుగు ఏ విధముగా పుట్టినదో తెలిసికొనుటతో ఆరంభము కావలెను.

మొదట శత్రువు బలమును అంచనా వేయుదము. ఆకాశముయొక్క ప్రకాశమును చదరపు ఆర్కుసెకనుకు ఇన్ని మాగ్నిట్యూడులని ఖగోళశాస్త్రజ్ఞులు కొలుతురు. ఈ కొలతలో సంఖ్య పెరిగినకొలది చీకటి పెరుగును. దీపములు లేని ప్రదేశమున, చంద్రుడు లేని రాత్రి, ఆకాశము సుమారు 22 మాగ్నిట్యూడుల చీకటి కలిగియుండును. మహానగరపు నడిబొడ్డున ఈ సంఖ్య 18కి, కొన్ని తావుల అంతకంటె దిగువకును, పడిపోవును. అయిదు మాగ్నిట్యూడుల భేదము నూరు రెట్లకు సమానము గనుక, నాలుగు మాగ్నిట్యూడుల భేదమనగా నగరాకాశము సుమారు 40 రెట్లు ఎక్కువ వెలుగుచున్నదని అర్థము. హైదరాబాదు బేగంపేటలోని నిజామియా వేధశాల చుట్టును నగరము పెరిగిన పిమ్మట, ఉస్మానియా విశ్వవిద్యాలయము వారు తమ 48 అంగుళముల దూరదర్శినిని నగరమునకు దూరముగా జపాల్, రంగాపూర్ గ్రామముల యొద్ద 1968లో నెలకొల్పుకొనవలసివచ్చినది ఇట్టి వెలుగులనుండి తప్పించుకొనుటకే.

ఇచ్చట చదువరికి ఒక సందేహము కలుగవచ్చును. ఆకాశపు వెలుగు చిత్రమంతటను ఇంచుమించు సమముగా పరచుకొని ఉండునదే గదా. కంప్యూటరుపై ఆ సమమైన మొత్తమును తీసివేసినచో నీహారిక మిగులదా? వెలుగుయొక్క సగటును తీసివేయవచ్చును. దాని చాంచల్యమును తీసివేయలేము. కాంతి ఫోటానులుగా, వాన చినుకులవలె క్రమరహితముగా వచ్చిపడునది. ఒక పిక్సెలుపై సగటున 10,000 ఫోటానులు పడునప్పుడు, పక్కపక్కనున్న పిక్సెళ్ల నడుమ ఆ సంఖ్యయొక్క వర్గమూలమంత, అనగా సుమారు 100 ఫోటానులంత, హెచ్చుతగ్గు సహజముగనే ఉండును. దీనినే రొద అందురు. నీహారికనుండి అదే వ్యవధిలో 50 ఫోటానులు మాత్రమే వచ్చుచున్నచో, అవి ఈ నూరింటి రొదలో మునిగిపోవును. చీకటి ప్రదేశమున ఆకాశము 250 ఫోటానులే ఇచ్చును గనుక, నీహారిక ఇచ్చు 50ని కలుపుకొన్నను రొద 17, 18కి మించదు. అప్పుడు ఆ 50 స్పష్టముగా పైకి తేలును. మసకైన వస్తువు విషయమున ఆకాశము 40 రెట్లు వెలిగినచో, అదే నాణ్యత కొరకు ఎక్స్‌పోజరు మొత్తమును కూడ 40 రెట్లు పెంపవలెను. పల్లెపట్టున ఒక గంటలో దొరకునది నగరమున 40 గంటలలో దొరకును. ఎంత నేర్పరియైన చిత్రసంస్కర్తయైనను ఈ లెక్కను తప్పింపలేడు. రొద పుట్టక మునుపే, అనగా కాంతి సెన్సరును చేరక మునుపే, వలదన్న ఫోటానులను ఆపుటయొక్కటే ఉపాయము.

ఇక వలసిన వెలుగు సంగతి. నక్షత్రములు తమ వేడిచే ప్రకాశించును. అట్టి కాంతి ఊదానుండి ఎరుపువరకు ఎడతెగక సాగును. నీహారికలు కూడ లెక్కకు అందని దూరముననున్న తారాసమూహములే అని పూర్వము పెక్కురు తలచుచుండిరి. 1864 ఆగస్టు 29వ తేదీ రాత్రి విలియం హగ్గిన్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లండనులోని తన స్వంత వేధశాలనుండి, డ్రాకో మండలములో ఎన్‌జీసీ 6543 అను నీహారికను వర్ణపటదర్శినితో పరికించి, అందు అఖండ వర్ణపటమునకు బదులు ఆకుపచ్చని ప్రకాశరేఖలను చూచి, ఇది తారల గుంపు కాదు, వెలుగుచున్న వాయువని గ్రహించెను. ఆ ఆకుపచ్చ రేఖలు భూమిపై తెలిసిన ఏ మూలకమునకును సరిపోలకపోవుటచే, నెబ్యూలియమను క్రొత్త మూలకమును కొందరు ఊహించిరి. అరువది సంవత్సరములకు పైగా నిలిచిన ఈ చిక్కును 1927లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఐరా బోవెన్ విప్పెను: రెండు ఎలక్ట్రానులను కోల్పోయిన ఆక్సిజను అయానులే ఆ కాంతిని వెలువరించుచున్నవి.

ఈ కాంతి పుట్టుక వినదగినది. అట్టి అయాను ఒకసారి ఉత్తేజితమైన పిమ్మట, ఆ ఆకుపచ్చ ఫోటానును విడుచుటకు సగటున అరనిమిషమునకు మించిన కాలము తీసికొనును. భూమిపై మనము సృష్టింపగల వాయువులలో అంతలోపల అది వేరొక కణముతో అనేక పర్యాయములు ఢీకొని తన శక్తిని కోల్పోవును గనుక, ఆ రేఖ మన ప్రయోగశాలలలో పుట్టదు. నీహారికలోనో, వాయువు ఎంత విరళముగా ఉండుననగా, ఆ అయానునకు అంతసేపు నిరాటంకముగా నిలుచు అవకాశము దొరకును. మన నగరములలోని ఏ దీపమును ఈ రేఖను పుట్టింపజాలదను విషయమును తలచినప్పుడెల్ల నా మనస్సు సంతోషముతో నిండును. నీహారికకు ప్రకృతి తానే ఒక ముద్ర వేసి పంపినట్లున్నది.

ఇట్లు తామే వెలుగు వాయువులైన ఉద్గార నీహారికల వెలుగులో ఛాయాచిత్రకారునకు ముఖ్యములైన రేఖలు మూడు, నాలుగు మాత్రమే. హైడ్రోజను ఆల్ఫా రేఖ 656.3 నానోమీటర్ల యొద్ద గాఢమైన ఎరుపులోను, బీటా రేఖ 486.1 యొద్ద నీలిలోను ఉన్నవి. ఆక్సిజను రేఖలు 495.9, 500.7 యొద్ద జంటగా ఉన్నవి. వీనిలో రెండవది మొదటిదానికి మూడు రెట్లు బలమైనది. గంధకపు అయానుల జంట 671.6, 673.1 యొద్ద ఉన్నది. హైడ్రోజను ఆల్ఫాకు ఇరుప్రక్కల 654.8, 658.4 యొద్ద నత్రజని రేఖలు కావలివారివలె నిలిచియుండును. వీని ప్రసంగము మరల వచ్చును. మృగశిరా మండలములోని మహానీహారిక, హంస మండలములోని ఉత్తర అమెరికా నీహారిక, అదే మండలములోని వీల్ అను సూపర్‌నోవా అవశేషము, ధనుస్సులోని లగూన్, మోనోసెరోసులోని రోజెట్, డంబెల్ మొదలగు గ్రహనీహారికలు, వీని వెలుగులో అధికభాగము ఈ కొద్ది రేఖలలోనే ఇమిడియున్నది.

ఇక దీపముల పుట్టుక. పాదరసపు ఆవిరి దీపములు 435.8, 546.1 యొద్దను, 577 నుండి 579 వరకును కొన్ని రేఖలలోనే వెలిగెడివి. మన వీధులకు పసుపు ఛాయను చాలకాలము ఇచ్చిన అధికపీడన సోడియం దీపములు ముఖ్యముగా 560 నుండి 620 నానోమీటర్ల నడుమ వెలుగును గ్రుమ్మరించెడివి. ఆక్సిజను రేఖలును, హైడ్రోజను రేఖలును అదృష్టవశమున ఈ దీపముల వెలుగునకు ఇంచుమించు వెలుపల ఉండుటచేత, సోడియము, పాదరసముల వెలుగును మాత్రము కోసివేసి తక్కినదానిని విడిచిపెట్టు విశాలపథ ఫిల్టరులు ఇరువదవ శతాబ్ది చివర బహుళప్రచారము పొందినవి. అవి నీహారికలకే గాక, కొంతవరకు గెలాక్సీలకును మేలు చేసెడివి. ఆ కాలమున వ్రాయబడిన సలహాలు నేటికిని చేతులు మారుచున్నవి. కాని ఆకాశము మారిపోయినది.

నీలికాంతి నిచ్చు ఎల్‌ఈడీని సాధించినందులకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెలు బహుమానము లభించినది. అదే సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకి వీధిదీపములను ఛిన్నాభిన్నము చేసిన పిమ్మట, ఆ నగరమంతటను ఎల్‌ఈడీ దీపములను నెలకొల్పిరి. 2015 జనవరిలో కేంద్రప్రభుత్వము వీధిదీపముల జాతీయ కార్యక్రమమును ఆరంభించిన పిదప దేశములోని తక్కిన పట్టణములును ఆ త్రోవనే నడచినవి. విద్యుత్తు ఆదా అయినమాట నిజము; అది ప్రజలకు కావలసిన మేలే. అయితే తెల్లని ఎల్‌ఈడీ లోపల 450 నానోమీటర్ల చేరువ వెలుగు నీలి చిప్పును, ఆ నీలిలో కొంత భాగమును పీల్చుకొని పచ్చ, పసుపు, ఎరుపులుగా మార్చి వెలువరించు ఫాస్ఫరు పూతయు ఉండును. ఆ కాంతి నీలినుండి ఎరుపువరకు ఎడతెగక వ్యాపించును. సోడియము దీపము విడిచిన ఖాళీలను అది పూడ్చివేసినది. అంతేగాక తరంగదైర్ఘ్యము తగ్గినకొలది వాయువులో కాంతి చెదరుట నాలుగవ ఘాతముగా పెరుగును గనుక, 450 యొద్దనున్న నీలి 550 యొద్దనున్న ఆకుపచ్చకంటె రెండు రెట్లకు పైగా చెదరి ఆకాశమును నింపును. ఇట్టి ఆకాశము క్రింద పాత విశాలపథ ఫిల్టరు వలదన్న వెలుగుతోపాటు వలసినదానిని కూడ ఇంచుమించు అదే పాళ్లలో ఆపును. పైగా నక్షత్రముల సహజవర్ణములను చెరచును. ఎల్‌ఈడీలు నిండిన పట్టణమున దీనిపై ధనము వెచ్చింపవద్దని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

గెలాక్సీల విషయమున మనస్సు కష్టపెట్టుకొనియైనను ఒక సత్యమును అంగీకరింపవలసియున్నది. దేవయాని గెలాక్సీ వెలుగు కోటానుకోట్ల నక్షత్రముల వెలుగు; అది ఎడతెగని వర్ణపటము. కృత్తికలను, మన పల్లెలవారు పిల్లలకోడి అనువానిని, చుట్టియున్న నీలిమంచు తారల కాంతిని ధూళి ప్రతిఫలింపజేయుటచే కలిగిన పరావర్తన నీహారిక. దానిదియు ఎడతెగని వర్ణపటమే. ఎల్‌ఈడీదియు అట్టిదే. బియ్యములోని రాళ్లను జల్లెడ వేరు చేయును గాని, ఒక పొలపు బియ్యములో కలిసిన వేరొక పొలపు బియ్యమును ఏ జల్లెడయు వేరు చేయలేదు. నక్షత్రకాంతిని దీపకాంతినుండి వేరు చేయు ఫిల్టరును ఎవరును చేయలేదు, చేయజాలరు. గెలాక్సీలను, గుచ్ఛములను, పరావర్తన నీహారికలను కోరువారు ఫిల్టరుకు పెట్టదలచిన సొమ్మును ప్రయాణమునకు పెట్టి, అమావాస్య చేరువలో నగరమునకు దూరముగా ఏ అడవిచెంతకో, కొండపల్లెకో పోవుట ఉత్తమము. అది సాధ్యము కానివారు మేడపైనుండియే, అతినీలలోహిత, పరారుణ కాంతులను మాత్రము ఆపు సాధారణపు ఫిల్టరును ఉంచి, ఆ గెలాక్సీ నడినెత్తిన నున్న గంటలను ఎన్నుకొని, రాత్రులకు రాత్రులు ఎక్స్‌పోజరులను కూడబెట్టవలెను. ఓర్పు గలవారు ఆ విధముగా మంచి చిత్రములు తీయుచునే ఉన్నారు.

ఉద్గార నీహారికల కొరకు మాత్రము సంకుచితపథ ఫిల్టరు నిజముగా అద్భుతమైన సాధనము. కంటికి కనబడు కాంతి 400 నుండి 700 వరకు 300 నానోమీటర్ల వెడల్పు గలదనుకొందము. హైడ్రోజను ఆల్ఫా చుట్టును 7 నానోమీటర్లను మాత్రము విడుచు ఫిల్టరు ఎడతెగని ఆకాశకాంతిలో సుమారు 43వ వంతును మాత్రమే సెన్సరునకు చేర్చును. నీహారికనుండి వచ్చు ఆ రేఖనో ఇంచుమించు పూర్తిగా విడుచును. నగరాకాశము చీకటి ఆకాశమునకంటె 40 రెట్లు వెలుగునని పైన చెప్పియుంటిని. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన ఉంచి చూచినచో, హైడ్రోజను రేఖ మట్టుకు ఆ ఫిల్టరు నగరమధ్యమును, ఫిల్టరు లేని పల్లెపట్టుగా మార్చుచున్నదని తేలును. 3 నానోమీటర్ల ఫిల్టరు ఆకాశమును నూరవ వంతునకు తగ్గించును. అనగా 7 నానోమీటర్ల ఫిల్టరుతో ఏడు గంటలు పట్టు పని దీనితో మూడు గంటలలో ముగియును. ఆకాశము వెలిగినకొలది సన్నని ఫిల్టరునకు విలువ పెరుగునను మాట సత్యమే. కాని దీనికి కొన్ని మూల్యములు గలవు.

మొదటిది నత్రజని సంగతి. 658.4 యొద్దనున్న నత్రజని రేఖ హైడ్రోజను ఆల్ఫాకు 2.1 నానోమీటర్ల దూరమున నున్నది. 7 నానోమీటర్ల ఫిల్టరు ఇరుప్రక్కల మూడున్నర చొప్పున విడుచును గనుక, ఆ రేఖ కూడ లోపలికి వచ్చును. 3 నానోమీటర్లది ఒకటిన్నర చొప్పుననే విడుచును గనుక, దానిని త్రోసివేయును. కొన్ని గ్రహనీహారికలలో నత్రజని కాంతి హైడ్రోజను కాంతితో పోటీ పడునంతగా ఉండును. అట్టివానికి సన్నని ఫిల్టరు వేయుటచే వెలుగులో గణనీయమైన భాగమును చేజేతుల పోగొట్టుకొందుము. హైడ్రోజను, నత్రజనులను వేరువేరుగా చూడగోరు శాస్త్రీయదృష్టి గలవారికి ఇదియే గుణమగును.

రెండవది దూరదర్శినియొక్క ఎఫ్ నిష్పత్తి. ఈ ఫిల్టరులు రంగు గాజులు కావు. గాజుపై కాంతి తరంగములో నాల్గవవంతు మందము గల పారదర్శక పొరలను, వక్రీభవన గుణకము ఎక్కువ తక్కువలుగా, ఒకదానిపై నొకటి పెక్కింటిని పరచి చేసినవి. ఆ పొరల నడుమ ప్రతిఫలించిన తరంగములు వలసిన చోట ఒకదానికొకటి తోడై, వలదన్న చోట ఒకదానినొకటి హరించుకొనును. ఈ లెక్కలన్నియు కాంతి నిటారుగా వచ్చునని భావించి చేసినవి. కాంతి వాలుగా వచ్చినచో ఫిల్టరు విడుచు తావు నీలివైపునకు జరుగును. ఎఫ్ 2 కటకపు శంకువులో అంచు కిరణములు సుమారు 14 డిగ్రీల వాలున వచ్చును. పొరల సగటు గుణకము 2 అని ఎంచినచో, 656 యొద్ద వానికి జరుగుబాటు సుమారు 5 నానోమీటర్లు. మూడు నానోమీటర్ల ఫిల్టరులో ఆ కిరణములకు ప్రవేశమే లేదు! ఎఫ్ 4 యొద్ద ఈ జరుగుబాటు సుమారు 1.3కు తగ్గును, ఎఫ్ 5కు పైబడినచో చింత లేదు. కనుక ఎఫ్ 2, ఎఫ్ 3 వంటి శీఘ్రగ్రాహక దూరదర్శినులు గలవారు ఆ వేగమునకై ముందుగనే ఎరుపువైపు జరిపి చేసిన ఫిల్టరును అడిగి కొనవలెను, లేక 6, 7 నానోమీటర్ల వెడల్పుతో తృప్తిపడవలెను. కొనుటకు ముందు విచారింపవలసిన సంగతులలో ధర కంటెను ఇదియే ముఖ్యము.

కెమెరా జాతి మూడవది. ఏకవర్ణ కెమెరాలో ప్రతి పిక్సెలును ప్రతి కాంతిని గ్రహించును గనుక, ఒక్కొక్క రేఖకు ఒక్కొక్క ఫిల్టరును చక్రములో అమర్చి తీయుదురు. ఈ మార్గమున శ్రేష్ఠమైన ఫలితము వచ్చును. వ్యయమును, శ్రమయు హెచ్చు. 1995లో హబుల్ దూరదర్శినితో జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ తీసిన ఎం 16 నీహారికా స్తంభముల చిత్రము ఈ పద్ధతిదే. అందు గంధకమునకు ఎరుపును, హైడ్రోజనునకు ఆకుపచ్చను, ఆక్సిజనునకు నీలిని కేటాయించిరి. రంగుల కెమెరాలోనో, పిక్సెళ్లలో నాల్గవ వంతు ఎరుపునకు, సగము ఆకుపచ్చకు, నాల్గవ వంతు నీలికి కేటాయింపబడినవి; హైడ్రోజను ఆల్ఫాను ఎరుపు పిక్సెళ్లు మాత్రమే చూచును, 500 యొద్దనున్న ఆక్సిజనును ఆకుపచ్చ, నీలి పిక్సెళ్లు రెండును చూచును. ఈ విభాగమునే వరముగా మార్చుకొని, హైడ్రోజను ఆల్ఫాను, ఆక్సిజనును ఒకేసారి విడుచు ద్విపథ ఫిల్టరులు చేయబడినవి. ఒకే ఎక్స్‌పోజరులో ఎరుపున హైడ్రోజను, తక్కిన రెంటిలో ఆక్సిజను వేరుపడి వచ్చును. మబ్బుల నడుమ దొరకిన రెండు మూడు గంటలతో సరిపెట్టుకొనవలసిన మన నగరవాసికి, రంగుల కెమెరాయే ఉన్నచో, 5 నుండి 7 నానోమీటర్ల ద్విపథ ఫిల్టరును మించిన మొదటి కొనుగోలు లేదని నా దృఢాభిప్రాయము. సాధారణపు డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాను వాడువారు మాత్రము ఒక సంగతి ఎరుగవలెను: దాని సెన్సరు ముందు కర్మాగారమువారు అమర్చిన ఫిల్టరు హైడ్రోజను ఆల్ఫాలో అధికభాగమును ఆపివేయును. దానిని తొలగించి మార్పించుకొననిచో, ఎంత ఖరీదైన ఫిల్టరును ముందు పెట్టినను ఫలితము అరకొరగనే ఉండును.

వాడుకలోని మెలకువలు కొన్ని. గాజు మందములో మూడవ వంతుమేర నాభి వెనుకకు జరుగును గనుక, ఫిల్టరు మార్చినప్పుడెల్ల ఫోకసును మరల సరిచూడవలెను. సంకుచితపథమున ఆకాశము అంతగా చీకటియగుటచే, సెన్సరు తానుగా కలుగజేయు రొద పైకి వచ్చును. విశాలపథమున నగరములో 30 లేక 60 సెకండ్ల ఎక్స్‌పోజరు చాలును గాని, ఇచ్చట ఒక్కొక్కటి 300 సెకండ్లకు పోనిచ్చుట మేలు. కాంతిమంతమైన తార చుట్టును పెద్ద వలయము ఏర్పడినచో అది పొరలలో పరావర్తనదోషము; చౌక ఫిల్టరులలో, ముఖ్యముగా ఆక్సిజను పథమున, ఇది తరచుగా కనబడును.

వెన్నెల కూడ సూర్యకాంతియే గనుక అదియు ఎడతెగని వర్ణపటమే; సంకుచితపథ ఫిల్టరు దానిని కూడ వీధిదీపములవలెనే తగ్గించును. పౌర్ణమికి చేరువ రాత్రులలో సైతము పని సాగును. అయినను రెండు రేఖలకు ఒకే న్యాయము లేదు. చెదరుటలోని నాలుగవ ఘాతపు నియమమునుబట్టి 500 యొద్ద వెన్నెల 656 యొద్దకంటె సుమారు మూడు రెట్లు చెదరును. కనుక వెన్నెల రాత్రులను హైడ్రోజను ఆల్ఫాకును, గంధకమునకును వినియోగించి, చీకటి రాత్రులను ఆక్సిజను కొరకు దాచుకొనవలెను. ఇట్లు చేయక, ఆక్సిజను కొరకు పౌర్ణమి రాత్రిని ధారపోసి, ఫిల్టరు మంచిది కాదని నిందించువారు కలరు.

మన అక్షాంశము నీహారికలకు మిక్కిలి అనుకూలము. హైదరాబాదునుండి చూచినచో మృగశిరా మహానీహారిక 67 డిగ్రీల ఎత్తునకును, ధనుస్సులోని లగూన్ 48 డిగ్రీల ఎత్తునకును వచ్చును. ఐరోపాలోని చిత్రకారులకు లగూన్ క్షితిజము చేరువనే ఉండిపోవును. అయితే ధనుస్సు రాత్రంతయు కనబడు ఆషాఢ, శ్రావణములు మనకు మబ్బుల కాలము. కనుక మార్చి, ఏప్రిలు నెలలలో తెల్లవారుజామున లేచి దానిని అందుకొనవలెను. దక్షిణమున కెరైనా నీహారిక మనకు 13 డిగ్రీలకు మించి లేవదు; అంత దిగువన వాయుమండలపు మందము నడినెత్తినకంటె నాలుగు రెట్లకు పైగా ఉండును, నగరపు వెలుగు చిక్కగా నిలుచునది కూడ అచ్చటనే. దక్షిణమున ఊరు గాని, పరిశ్రమ గాని లేని తావును ఎన్నుకొననిచో ఏ ఫిల్టరును దానిని రక్షింపలేదు.

గెలాక్సీలకు ఫిల్టరు పనికిరాదని పైన చెప్పితిని గాని, గెలాక్సీలోపలి నీహారికలకు అది పనికివచ్చును. ఎం 33 గెలాక్సీలోని ఎన్‌జీసీ 604 వంటి మహానీహారికలను హైడ్రోజను ఆల్ఫాలో వేరుగా తీసి, చీకటి ఆకాశమున తీసిన రంగుల చిత్రమునకు చేర్చుట వాడుకలో నున్నది. ఇందు గెలాక్సీ వేగమును గమనింపవలెను: సెకనుకు 1,000 కిలోమీటర్ల వేగమున దూరమగు గెలాక్సీలో ఈ రేఖ 2.2 నానోమీటర్లు ఎరుపువైపు జరిగి, 3 నానోమీటర్ల ఫిల్టరు వెలుపల పడిపోవును. దేవయాని గెలాక్సీ సెకనుకు 300 కిలోమీటర్ల వేగమున మనవైపే వచ్చుచున్నది గనుక, జరుగుబాటు 0.7కు మించదు, అది ఏ ఫిల్టరుకైనను లోబడియుండును. ఆ దేవయాని చెంతనే, లెక్కకు మించిన పర్యాయములు చిత్రింపబడిన ఆ ఆకాశభాగముననే, మార్సెల్ డ్రెక్స్‌లర్, క్సావియె స్ట్రాట్నర్, యాన్ సాంటీ అను ఔత్సాహికులు ఆక్సిజను ఫిల్టరుతో సుదీర్ఘముగా ఎక్స్‌పోజరు తీసి, గెలాక్సీ కేంద్రమునకు ఆగ్నేయముగా ఒకటిన్నర డిగ్రీ పొడవున సాగు ఒక విశాలమైన కాంతి చాపమును కనుగొని, 2023లో శాస్త్రజ్ఞులతో కలిసి ప్రకటించిరి. అంతకు మునుపు తీసిన చిత్రములలో హెచ్చు భాగము విశాలపథమునను, కొన్ని హైడ్రోజను ఆల్ఫాలోను తీసినవి. ఆక్సిజను రేఖలో అన్ని గంటలు ఆ తావును చూచినవారు లేకపోయిరి. ఆ చాపము దేవయానికి చెందినదా, మన పాలపుంతలోనిదా అను చర్చ ఇంకను సాగుచున్నది.